పదమూడు కిలోలు

ఉర్మాస్ స్నానాలగది తూకం తెచ్చి
షెడ్డు నేల మీద పెట్టాడు.
ముందు పాతది: సీసం, ఆమ్లం, నల్ల డొక్కు.
పదిహేడు కిలోల రెండు వందలు.
తర్వాత, చెప్పుల పెట్టెలోంచి తీసినట్టు
కొత్తది. నాలుగు కిలోల వంద.
"ఎత్తి చూడు, లేలో."
ఎత్తాను. చెయ్యి అనుకున్నదానికంటే పైకి లేచి
నవ్వులపాలైంది,
నిండు బిందె అనుకుని ఖాళీ బిందె ఎత్తినట్టు.

నాది రెండు సీట్ల కారు, ఇరవై రెండేళ్ల ఎరుపు.
తార్తులో పియానోలు శ్రుతి చేసి బతికేదానికి
ఇలాంటి బండి ఎందుకో
మా అక్క ఐలీకి ఇప్పటికీ మింగుడుపడలేదు.
దాని బ్యాటరీకి ఆరు పియానోల కూలి పోస్తున్నానంటే
ఫోను పెట్టేస్తుంది.

ఉర్మాస్‌కి అమ్మడం రాదు.
ముందు లోపాలు చెప్పి, ఆ తర్వాత ధర చెప్తాడు.
డబ్బా మీది అంకెను నమ్మకు,
"ఇంతకు సమానం" అని రాసినచోట
సమానం అన్నమాట సగమే నిజం.
మీటరు తీగలు ఆనించి, ఇంజన్ రొద మీదుగా అరిచాడు:
"పద్నాలుగున్నర దాటడం లేదు, బతికిపోయావు!"
పాత చార్జరు తగిలించకు,
సీసానికి మందైంది దీనికి విషం.
ఊరికే వదిలేస్తే
గడియారమూ అలారమూ కలిసి
బొట్టు బొట్టుగా తాగేస్తాయి.
అన్నిటికంటే, చలి.

"చలికాలం బండి తియ్యవు కదా?"
తియ్యను. మే నుంచి సెప్టెంబరు దాకానే.
"మరింకేం."
నేను నేలకేసి చూశాను.

చెప్పక తప్పలేదు.
మంచు నెలల్లో ప్రతి మొదటి ఆదివారం
దుప్పటి తీసి, తాళం తిప్పి, వింటాను.
ఎక్కడికీ వెళ్లను.
ఊరికే వింటాను.

అతను గుడ్డతో వేళ్లు తుడుచుకున్నాడు.
"ఏం వినిపిస్తుంది?"
ఇంజన్ని తిప్పేటప్పుడు మంద్రంలో ఒక మూలుగు,
మంచం మీంచి లేవలేక లేచే మనిషిది.
ఏటేటా కాస్త కిందికి జారుతోంది.
మొన్న నవంబరులో
అది ఏ స్వరమూ కాకుండా పోయింది.
అందుకే వచ్చాను.
బరువు సంగతి నీ తూకం చూశాకే తెలిసింది.

జనవరి. సున్నాకి కింద పద్నాలుగు.
తాళం తిప్పాను.
కొత్తది ఒక్క అడుగు వేసి ఆగిపోయింది.
ఆరు పియానోలు!
అతను చెప్పింది గుర్తొచ్చి హెడ్‌లైట్లు వేశాను.
గోడ నిండా వెలుగు:
స్కీ కర్రలు, లింగన్‌బెర్రీ జాం సీసాలు,
టైర్లు లేని సైకిలు, నా ఊపిరి పొగ.
అరవై లెక్కపెట్టాను.
రెండోసారి అరస్వరం పైకొచ్చింది.
మూడోసారి ఇంకో అర.
పాడితేనే తెరుచుకునే గొంతులున్నాయి.
నాలుగోసారికి అంటుకుంది,
పొట్టిగా, శుభ్రంగా, చిటికె వేసినట్టు.
ఆ స్వరం పేరు నాకు తెలుసు.
ఐలీకి చెప్పలేదు, మీకూ చెప్పను.

మే నెలలో, ఒతెపా కొండ మలుపుల్లో
పదమూడు కిలోల తేడా తెలిసిందా అంటే
నిజం చెప్తున్నా, తెలియలేదు.
ఆ ఉదయం రెండు యాలకుల బన్నులు తిన్నాను,
కొంత నేనే తిరిగి ఎక్కించి ఉంటాను.
తెలిసింది ఇంకొకటి:
పెద్దది కూర్చున్న పళ్లెంలో చిన్నది
ప్రతి గతుక్కీ కటకటలాడింది.
ఇంటికొచ్చి, ఎవరో పారేసిన పియానోలోంచి దాచుకున్న
రెండు మెట్లు కోసి
ఇరుపక్కలా దిగ్గొట్టి, పైన పట్టీ బిగించాను.

ఉర్మాస్ వంగి చూశాడు. పట్టుకు గుంజాడు.
కదల్లేదు.
"ఏ మెట్లు?" అన్నాడు.
తెల్లదొకటి, నల్లదొకటి.
తలూపి బానెట్ మూశాడు,
డబ్బులు మాత్రం మళ్లీ లెక్కపెట్టాడు.